రాబందు వాటా

బండ మీద నీడ తిరుగుతోంది.

ఒకసారి అటు. ఒకసారి ఇటు.

దఫీనా తలెత్తలేదు. చూడకూడదు.

అర్దా నది వంపులో వేటాడేవాళ్ళ మర్యాద అది — అడవిపందిని కొట్టాక పేగులూ కాలేయమూ ఈ బండ మీద పెట్టాలి. రాబందుల వాటా. పెట్టి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. అతిథి తింటుంటే నోటికేసి చూస్తామా?

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ బకెట్ మోసింది ఆమే. ఎన్నడూ చూడలేదు.

ఎవరూ చూడలేదు.

భర్త మనోల్ చలికాలంలో పోయాడు. మంచు కరిగాక, కొండచరియ కింద ఒక రాబందు కనిపించింది. రెక్కలు పరిచేసి... మెడ వాల్చేసి. ఒళ్ళో పెట్టుకుంటే ఆ మెడ తడిబట్టలా జారిపోయింది. పట్నంలో పశువుల డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. కడుపులో తెల్లటి నలకలు. సీసం. తూటా పంది ఒంట్లో చిట్లి, రాలి, పేగుల్లో మిగిలిన సీసం.

తెల్లారేసరికి అది పోయింది. దాని జంట కొండ మీద మిగిలింది.

ఒంటరిగా.

మనోల్ తూటాలు ఇంట్లోనే పోసేవాడు — పొయ్యి మీద సీసం కరిగించి, ఊపిరి బిగబట్టి. ఇంకా ఒక డబ్బాడు ఉన్నాయి. ఆ చేతుల గుర్తు... ఇంకేం మిగిలిందని ఆమెకు?

అయినా రాగి తూటాలు కొంది. రాగి చిట్లదు.

ఇంట్లో ఇప్పుడు తుపాకీ పట్టేది మరిది వుల్కో. పొద్దున వాటిని అరచేతిలో ఎగరేసి నవ్వాడు.

"పందికి కడియాలు చేయిస్తున్నావా వదినా?"

ఆ తర్వాత నవ్వలేదు. "అన్న పోసినవి ఉండగా..."

"అన్న చూడలేదు వుల్కో. నేను చూశాను."

అయిదు తూటాలు అతని జేబులో తనే వేసింది.

పొగమంచు. కుక్కల అరుపులు. ఒకే ఒక్క పేలుడు.

బకెట్ తెచ్చి ఇచ్చాడు. ఆవిరి లేస్తోంది.

"రాగిదేనా?"

"రాగిదే." కుక్క మెడపట్టీ సర్దుతూ అన్నాడు.

"మిగిలినవి ఇటివ్వు."

జేబులో చెయ్యి పెట్టాడు. చాలాసేపటికి తీశాడు. ఆమె అరచేతిలో ఒక్కొక్కటే పడ్డాయి.

అయిదూ.

"మీదికొచ్చేసింది వదినా. భయమేసింది. భయమేస్తే... చెయ్యి అన్న పోసినవాటి దగ్గరికే పోయింది."

ఆమె బకెట్ తీసుకుని బండ దాకా ఎక్కింది.

ఎక్కింది కానీ — బండ మీద పెట్టలేదు. వెనక్కి తిరగనూ లేదు. బండ మీద తనే కూర్చుంది. బకెట్ ఒళ్ళో పెట్టుకుని, శాలువా తీసి కప్పింది. ఉన్ని సందుల్లోంచి ఆవిరి వస్తూనే ఉంది. వాసన వస్తూనే ఉంది.

పాతిపెట్టవచ్చు. పాతిపెడితే? ఆకలి ఆగదు. ఇక్కడ వాటా లేకపోతే ఆ ఒంటరి రాబందు పక్క కొండకు పోతుంది. అక్కడి తూటా ఏదో ఎవరు చూశారు...

మొదటిసారి తలెత్తింది.

అదీ చూస్తోంది.

బండ మీద నీడ తిరుగుతోంది.

ఒకసారి అటు. ఒకసారి ఆమె మీదుగా...