ఓ చెయ్యి వెయ్యమ్మా

ఆ లాండ్రీలో సాయంత్రం గంట మోగాక చేసే పనిని ఎవరూ పని అనేవాళ్ళు కాదు. "చెయ్యి వెయ్యడం" అనేవాళ్ళు. గంట మోగగానే అందరూ బుద్ధిగా వరసలో నిలబడి గుమ్మం పక్కనున్న మిషన్లో హాజరు కార్డు కొట్టేవాళ్ళు. లెక్క ప్రకారం ఇంటికి వెళ్ళిపోయినట్టే. అప్పుడు మేనేజరు గొంతులో తేనె పోసుకుని, "అమ్మా, ఓ చెయ్యి వెయ్యండమ్మా, ఆస్పత్రి దుప్పట్లు మిగిలిపోయాయి" అనేవాడు. ఎవర్నీ కసిరిన పాపాన పోలేదు, అంత మంచివాడు. కాకపోతే కాదన్న మనిషి మర్నాడు బ్లీచింగ్ ఘాటు కొట్టే ఉతుకుల గదిలో తేలేది. అందుకని అందరూ వేసేవాళ్ళు.

ఇస్త్రీ రోలరు దగ్గర ఒకే ఇంటి తోడికోడళ్ళు ఇద్దరు పనిచేసేవాళ్ళు. లాండ్రీ అంతా వాళ్ళని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేది. ఇంట్లో చీపురు దగ్గర్నుంచి ఉప్పు డబ్బా దాకా అన్నిటికీ తగువే. రోలరు దగ్గర మాత్రం ఒక మనిషికి రెండు చేతుల్లా కుదిరిపోయేవాళ్ళు. చెరోవైపు నిలబడి దుప్పటి కొసలు సాగదీసి అందిస్తేనే ఆ కాగే రోలరు దాన్ని మడత పడకుండా లాక్కుంటుంది. ఒంటి మనిషి చేసే పని కాదది.

ఓ రోజు కార్డులు కొట్టాక మేనేజరు చిన్నకోడల్ని దుప్పట్ల బండి తోసుకురమ్మని పంపించాడు. "ఈలోగా నువ్వు కానివ్వమ్మా" అని పెద్దకోడలికి చెప్పాడు. ఆవిడ ఒక్కతే పెట్టిన దుప్పటి మడత పడింది. సరిచెయ్యబోయింది. బండితో చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చేసరికి పెద్దకోడలి కుడిచేతి వేళ్ళు రోలరు కింద ఉన్నాయి.

కాలిన వేళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నాయి, త్వరగా ఆపరేషన్ చెయ్యకపోతే ఆ పిడికిలి ఇక విచ్చుకోదన్నాడు డాక్టరు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం యజమానే చేయించాలని చట్టం. కంపెనీవాళ్ళు ఆవిడ కార్డు తీసి చూపించారు. ఆ వేళకి ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది, మళ్ళీ ఎందుకొచ్చిందో మాకేం తెలుసు అన్నారు.

"కార్డుతో సంబంధం లేదమ్మా, వాళ్ళు చెప్తే చేసినదంతా పనే" అన్నాడు యూనియన్ పెద్దాయన చిన్నకోడలితో. "మేనేజరు చెప్తే ఆవిడ ఓవర్‌టైం చేస్తోందని లేబర్ ఆఫీసరు ముందు ఒక్క మాట చెప్పు, చాలు."

సాక్ష్యం అనేసరికి మిగతావాళ్ళంతా మొహం చాటేశారు. చిన్నకోడలు ఒక్కతే మిగిలింది. అంట్లు తోముతూ "ఓవర్‌టైం, ఓవర్‌టైం" అని వల్లె వేసుకునేది. "ఏంటే, మంత్రం జపిస్తున్నావా?" అని పెద్దకోడలు నవ్వింది కూడా.

తీరా కార్మిక శాఖ ఆఫీసులో ఎదురుగా కూర్చున్న మేనేజరు, "బాగున్నావా అమ్మా?" అని పలకరించాడు. అలవాటు కొద్దీ ఆమె లేచి నమస్కారం పెట్టేసింది.

"గంట మోగాక మీ తోడికోడలు అక్కడేం చేస్తోంది?" అన్నాడు ఆఫీసరు.

ఏళ్ళ తరబడి నాలుక మీదున్న మాటే ముందు దూకింది. "చెయ్యి వేసిందండీ."

కంపెనీ లాయరు కుర్చీలో ముందుకి జరిగాడు. "విన్నారుగా సార్. రోలరు మీద తనే చెయ్యి వేసిందట. రాసుకోండి."

"రోలరు మీద కాదండీ! చెయ్యి వెయ్యడమంటే... మేమందరం వేస్తామండీ. అంటే, సాయం..."

"సాయమా?" లాయరు ఎంతో మెత్తగా అడిగాడు. "అంటే పని కాదన్నమాట. ఇష్టపడి చేసినదన్నమాట."

"ఓవర్‌టైం సార్!" అని అరిచింది చిన్నకోడలు. అప్పటికి ఆ మాట ఎవరో నేర్పి పంపినట్టే వినపడింది. నేర్పి పంపినదే మరి. యూనియన్ పెద్దాయన లేచి గట్టిగానే వాదించాడు. ఆఫీసరు మాత్రం సాక్షి మొదట అన్న మాటే పట్టుకుని అర్జీ కొట్టేశాడు. కావాలంటే కోర్టుకి వెళ్ళండన్నాడు. వెళ్ళొచ్చు. కోర్టు తేల్చేదాకా వేళ్ళు ఆగొద్దూ?

వరండాలో పెద్దకోడలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నకోడలు జరిగింది జరిగినట్టు చెప్పి, "నా నోరు పడిపోను, నీ చెయ్యి నేనే తీసేశానక్కా" అని భోరుమంది. గిన్నె సొట్టపడితేనే రోజుల తరబడి సాధించే మనిషి, ఇప్పుడు పల్లెత్తు మాట అనలేదు.

"నన్నడిగినా అదే చెప్పేదాన్నే" అంది. "దాన్ని ఇంకేమంటాం మనం?"

దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది చిన్నకోడలికి.

మర్నాడు రోలరు అవతల కొత్త మనిషి నిలబడి ఉంది. గంట మోగింది. కార్డులు కొట్టారు. "చిన్నకోడలా, ఓ చెయ్యి వెయ్యమ్మా" అన్నాడు మేనేజరు, ఏమీ జరగనట్టే.

"వెయ్యనండీ." ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకి. "పనైతే చెప్పండి, కార్డు మళ్ళీ కొట్టి చేస్తాను."

మేనేజరుకి కోపం రాలేదు. "పనేముందమ్మా, ఎప్పుడో అయిపోయిందిగా. నువ్వెళ్ళు." కొత్తామె వైపు తిరిగాడు. "ఈలోగా నువ్వు కానివ్వమ్మా."

చిన్నకోడలు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా తలెత్తుకునే వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది. కొత్తామె ఒక్కతే దుప్పటి అందిస్తోంది. రెండో కొస వేలాడుతోంది. మడత పడింది. సరిచెయ్యడానికి ఆమె చెయ్యి చాపింది.

"ఆగు!"

సంచీ అక్కడే పడేసి చిన్నకోడలు ఒక్క పరుగున వెళ్ళి రెండో కొస అందుకుంది. ఇక వదల్లేదు. దుప్పట్లన్నీ అయ్యేదాకా కొత్తామె మొహం కేసి కూడా చూడలేదు.

"నాకు తెలుసమ్మా, నీది మంచి మనసని" అన్నాడు మేనేజరు దీపాలు ఆర్పుతూ.

గుమ్మం పక్క గూట్లో ఉన్న కార్డు ప్రకారం, ఆమె ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయింది.