ఏడో అంతస్తులో ఆడవాళ్ల గది

మధ్యాహ్నం గిన్నెలు తోమి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే ప్లాను గీసే ట్రేసింగు గుడ్డ ముట్టుకునేదాన్ని. మద్రాసులో కట్టబోయే పద్నాలుగంతస్తుల ఆఫీసు ప్లాను అది. ఎక్కేదానికి లిఫ్టులు, గోడలకు బదులు అద్దాలు, పడమటెండ ఆపేదానికి నిలువు సిమెంటు పలకలు. మా ఆయన గుణశేఖరం డ్రాఫ్ట్స్‌మన్. ఆయన చేతికి వణుకుడు పట్టుకున్నాక, వేలూరు బాగాయంలో మా ఇంట్లోనే ఎనిమిది నెలలుగా ఆయన పెన్సిలు గుర్తుల మీద ఇంకుతో నేనే గీస్తా ఉన్నా. కింద సంతకం ఆయనది. ఎవురైనా అడిగితే మా అత్త జ్ఞానాంబ, "కోడలు ఇంట్లో ఊరికే ఉండాది" అనేది.

ఏడో అంతస్తు గీసేటప్పుడు చూసినా. నలభైమంది టైపిస్టులు, అందరూ ఆడవాళ్లే అని పెన్సిలుతో రాసుండింది. మగవాళ్లకు రెండు పక్కలా మరుగుదొడ్లు. ఆడవాళ్లకు పద్నాలుగంతస్తుల్లో యాడా లేదు.

"వీళ్లు యాడికి పోవాలండి?"

ఆయన నవ్వినాడు. "సాయంత్రం ఇంటికి పోతారు కదా. ఓర్చుకునేది మీకు అలవాటే."

అలవాటే. గుడియాత్తంలో మా నాయన మగ్గం దగ్గర చీకటిపడేదాకా ఓర్చుకున్నా. కడుపుతో జోలార్పేట రైల్లో ఈయన "అందరూ చూస్తారు, లేవొద్దు" అంటే ఓర్చుకున్నా. మద్రాసు మాదంటే మాదని కొట్లాడి రాష్ట్రాలు పంచుకున్న మగవాళ్లకు, నలభైమంది ఆడవాళ్లకు రెండు గజాల చోటు పంచేదానికి చేతకాలేదు. ఒళ్లు మండింది. అదే అంతస్తులో ఆఫీసర్లు సిగరెట్లు కాల్చుకునే గది ఒకటి ఉండింది. ఆ చోట మూడు తలుపులు, ఒక కొళాయి గీసి, నాకొచ్చిన ఇంగ్లీషులో 'లేడీస్' అని రాసినా.

వారానికి, మా ఆయనకు పనిచ్చే ఇంజనీరు రాజమాణిక్యం ఆ ప్లాను పట్టుకోని ఇంటికొచ్చినాడు. "ఏమప్పా, ఇది ఎవురు పెట్టమన్నారు?"

మా ఆయన గబుక్కున లేచినాడు. "నేను కాదు సార్. మా ఆడమనిషి. ఏమీ తెలీకుండా చెయ్యి పెట్టి చెడిపింది."

ఎనిమిది నెలల్లో ఆ పనిలో నా మాట ఎత్తడం అదే మొదలు. కాఫీ గ్లాసు కింద పెట్టి ముందుకొచ్చినా.

"అవును సార్, నేనే. ఆ గది ఒక్కటే కాదు, పద్నాలుగంతస్తులూ నేనే గీసినా."

"లోపలికి పోవే," అని మా అత్త పళ్లు కొరికింది. ఇంజనీరు మా ఆయన చేతులకేసి చూసినాడు. గుడ్డ నా ముందుకు జరిపి, పక్కన బ్లేడు పెట్టినాడు.

"సరేమ్మా. దీన్ని గీకేసి, పాత గది గీసియ్యి."

నేను బ్లేడు ముట్టుకోలేదు. "గీకను సార్. ఆ గది ఉంటేనే ఇకముందు మీ పని గీస్తా. గీసినదాని కింద పుష్పవతి అని నా పేరుండాల."

"ఎవురితో మాట్లాడతా ఉండావో తెలుసునా?" అని అరిచినాడు మా ఆయన.

"తెలుసు," అన్నా. "ఎనిమిది నెలలుగా నేను గీసింది తీసుకునే ఇంజనీరుతో."