ఎడమవైపు వెనక చక్రం

నెల్సన్ ఆ తెల్ల కారుని దాని ఎత్తు చూసే కొన్నాడు. మామూలు కార్ల కంటే జానెడు కిందికి, నేలని కరుచుకుని పాకుతున్నట్టు ఉండేది. హైదరాబాదులో ఎవరో దాని స్ప్రింగులు కురచ చేయించి, వెడల్పు టైర్లు వేయించుకుని, కొన్నాళ్ళు తిరిగి అమ్మేశాడట. తాడేపల్లిగూడెంలో నెల్సన్‌కి ఫొటో స్టూడియో ఉంది. కెమెరాలూ లైట్లూ వేసుకుని పెళ్ళి పందిరి ముందు ఆ కారు దిగితే జనం తల తిప్పి చూసేవారు. అది అతనికి ఇష్టం.

శబ్దాన్ని ముందు విన్నది అతని భార్య ఇందు. పెంటపాడులో ఒక పెళ్ళి చూసుకుని వస్తున్నారు. ఆమె వెనక సీట్లో లైట్ల పెట్టెల పక్కన కూర్చుంది. కారు గుంటలో పడినప్పుడల్లా కిందనుంచి 'జర్ర్' మని గీసినట్టు వినిపించింది. కాసేపటికి కాలిన రబ్బరు వాసన మొదలైంది.

"ఏవండీ, ఏదో రాసుకుంటోందండీ."

"రోడ్డు బాగోలేదులే."

"రోడ్డు కాదండీ. సరిగ్గా నా కిందే."

ఆమెకి అప్పుడు ఐదో నెల. మర్నాటి నుంచి ఆ కారు ఎక్కడం మానేసింది. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. ఆదివారం చర్చికి ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయింది. నెల్సన్ వెనకే ఖాళీ కారులో వెళ్ళాడు. పదిమందీ చూశారు. ఆ వారంలోనే అతను కారుని ఏలూరు తీసుకెళ్ళాడు.

ఏలూరులో పవర్‌పేట వైపు షాకిర్‌ది రేకుల షెడ్డు. యాభై దాటిన మనిషి, కార్ల కింది భాగాల పని మాత్రమే చేస్తాడు. వెనక భాగాన్ని జాకీ మీద లేపి, ఎడమవైపు చక్రం విప్పి టైరుని నేలమీద దొర్లించాడు. టైరు బయటివైపు అంచు మీద చుట్టూ వేలెడు వెడల్పున ఒక పట్టీ నున్నగా, నల్లగా మెరుస్తోంది. చక్రం పైనుండే మడ్‌గార్డు రేకు అంచు కూడా అక్కడక్కడా పెయింటు పోయి తళతళలాడుతోంది.

"ఇది తగులుతోందండీ," అన్నాడు షాకిర్. "బరువు పడగానే బాడీ కిందికి దిగిపోతోంది. టైరు ఈ రేకు అంచుకి ఒరుసుకుంటోంది."

"అంచు మడిచేస్తే సరిపోతుంది కదండీ?"

షాకిర్ లైటు పట్టుకుని లోపలికి వంగి చాలాసేపు చూశాడు. "ఇది పొట్టిగా తయారుచేసిన స్ప్రింగు కాదండీ. మామూలు స్ప్రింగునే గ్యాసుతో కోసేశారు. కోసిన కొస, స్ప్రింగు కూర్చునే ఇనుప గిన్నెలో సరిగ్గా కూర్చోలేదు. స్ప్రింగులు నాలుగూ మార్చెయ్యండి, టైర్లు కూడా సన్నవి వేయించుకోండి."

"అలా చేస్తే మళ్ళీ మామూలు కారు అయిపోతుందిగా."

"అవుతుందండీ."

నెల్సన్ నవ్వి, ఆ రోజుకి అంచు మడిచి పంపమన్నాడు. షాకిర్ రేకుని వేడి చేసి, ఇనుప గొట్టంతో మెల్లగా నొక్కుతూ అంచుని లోపలికి మడిచేశాడు. తర్వాత వెనక సీట్లో ఇసుక బస్తాలు వేసి రోడ్డు మీద తిప్పి చూశారు. శబ్దం లేదు. నెల్సన్ ముఖం వెలిగిపోయింది.

షాకిర్ మాత్రం బస్తాలు దించకుండానే మళ్ళీ నేలమీద పడుకుని కిందికి చూశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "బయట తగలడం పోయిందండీ," అన్నాడు. "బరువు బాగా పడితే టైరు లోపలి పక్క స్ప్రింగు గిన్నెకి తగిలేలా ఉంది. లోపల తగిలితే మీకు వినపడదు. స్ప్రింగులు విజయవాడ నుంచి తెప్పిస్తాను. వచ్చేదాకా వెనక మనుషుల్ని ఎక్కించకండి."

"అలాగేనండీ," అన్నాడు నెల్సన్.

ఇంటికొచ్చి ఇందుని పిలిచి, కారుని స్పీడు బ్రేకర్ మీద ఎక్కించి దించి చూపించాడు. ఆమె విని, "అమ్మేయండి," అంది.

"బాగు చేయించాను కదా."

"చేయించారు. కానీ నేనైతే ఎక్కనండీ. నాకు దాన్ని చూస్తేనే ఏదోలా ఉంది."

అతనికి కోపం వచ్చింది. ఆ కోపంలోనే కారు అమ్ముతానని తెలిసినవాళ్ళకి చెప్పాడు. కొనడానికి కైకలూరు నుంచి యోబు వచ్చాడు. అక్కడ చేపల చెరువుల వాళ్ళకి ఐసు సరఫరా చేసే షాపు అతనిది. భారీ మనిషి, మాటకి ముందు నవ్వు. వెంట తల్లి హన్నమ్మని తీసుకొచ్చాడు. చెల్లెలు జ్యోత్స్నకి పెళ్ళి కుదిరింది, పెళ్ళి పనులకి సొంత కారు ఉండాలని అతని పట్టుదల. హన్నమ్మ వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని, సీటుని అరచేత్తో నిమిరి, "మెత్తగా ఉందిరా," అంది.

"కంప్లైంట్లు ఏవన్నా ఉన్నాయాండీ?" యోబు అడిగాడు.

"మొన్ననే ఏలూరులో పని చేయించానండీ," అన్నాడు నెల్సన్.

అబద్ధం ఆడలేదు. కారు సందు మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే వీధిలో నిలబడి చూశాడు. ఎడమ పక్క కొంచెం ఒరిగినట్టు అనిపించింది. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం షాకిర్ ఫోను చేశాడు. అప్పుడు నెల్సన్ భోజనం చేస్తున్నాడు. ఇందు వడ్డిస్తోంది.

"స్ప్రింగులు వచ్చాయండీ. బండి ఎప్పుడు తెస్తారు?"

"అమ్మేశానండీ."

"కొన్నవాళ్ళకి చెప్పారాండీ?"

నెల్సన్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ఇందు గరిటె పట్టుకుని అతని ముఖంలోకి చూస్తోంది.

"నెల్సన్ గారూ, చెప్పారా?"

"లేదండీ."

"ఫోను చెయ్యండి. ఇప్పుడే చెయ్యండి. ఎవర్నీ ఎక్కించుకోవద్దని చెప్పండి. నేనే ఆ రోజు బండి వదలకుండా ఉండాల్సింది."

యోబు సెల్ ఇంట్లో వాళ్ళు ఎత్తారు. అతను సెల్ మరిచిపోయి వెళ్ళాడట. పెళ్ళిబట్టలకి తల్లినీ చెల్లెల్నీ ఇద్దరు మేనత్తల్నీ ఎక్కించుకుని పొద్దున్నే ఏలూరు వెళ్ళాడు. చీకటి పడేలోపు వచ్చేస్తామన్నాడు. నెల్సన్ ఫోను పెట్టేశాడు. ఎవరెవరు వెళ్ళారో ఇందు అడిగింది. అతను చెప్పాడు. ఆమె అతని ముందున్న కంచం తీసేసి, మోటారు సైకిల్ తాళం తెచ్చి చేతిలో పెట్టింది.

"వెళ్ళండి," అంది.

నెల్సన్ బయల్దేరుతూ ఫోను చేయడంతో, ఏలూరులో షాకిర్ షెడ్డు మూసేసి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. బండి వెనక ఎక్కాడు. ఇద్దరూ బట్టల షాపుల వీధులన్నీ తిరిగారు. తెల్ల కార్లు చాలా ఉన్నాయి, అంత పొట్టిది ఒక్కటీ లేదు. ఒక షాపు ముందు పార్కింగు చూసే మనిషి చెప్పాడు, నేలకి ఆనుకున్నట్టుండే కారు ఇందాకే వెళ్ళిందని. పెట్టెలూ మూటలూ ఒళ్ళో పెట్టుకుని కిక్కిరిసి కూర్చున్నారని.

కైకలూరు రోడ్డు ఎక్కేసరికి మబ్బు కమ్ముకుంది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది అది. రోడ్డుకి రెండు వైపులా తెగిపోయిన గట్లు, వాటి మధ్య కదలని బూడిదరంగు నీళ్ళు. గూడబాతులు గుంపుగా ఒక మట్టిదిబ్బ మీద కూర్చుని ఉన్నాయి. గాలి లేదు. వాన పడితే బాగుండుననిపించేంత ఉక్కగా ఉంది.

షాకిర్ అతని భుజం తట్టి ఆపమన్నాడు. రోడ్డు ఒంపు తిరిగిన చోట తారు మీద రబ్బరు ముక్క పడి ఉంది. తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"వాళ్ళదేనాండీ?" నెల్సన్ అడిగాడు.

"పదండి," అన్నాడు షాకిర్.

ఇంకొంచెం దూరంలో మరో ముక్క. ఆ తర్వాత ఇంకొకటి, పొడుగ్గా, తొక్క ఒలిచినట్టు. వెనక సీటుని నిమిరిన హన్నమ్మ అరచెయ్యి నెల్సన్ కళ్ళముందు నుంచి పోవడంలేదు.

వంతెన దాటాక కారు కనిపించింది. తిన్నటి రోడ్డు మీద చాలా ముందు పోతోంది. వెనక భాగం కుంగిపోయి, ఎడమవైపు చక్రం సగం మడ్‌గార్డులో కూరుకుపోయినట్టుంది. వెనక అద్దంలో తలలు కనిపిస్తున్నాయి. నెల్సన్ హారన్ మీద చెయ్యి వేసి బండి వేగం పెంచాడు. దగ్గరవుతుంటే యోబు అద్దంలో చూసి గుర్తుపట్టాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి హుషారుగా ఊపాడు. కారు ఒక్కసారి ముందుకి దూకింది.

"హారన్ ఆపండి," షాకిర్ చెవి దగ్గర అన్నాడు. "సరదాకి పందెం వేస్తున్నారనుకుంటున్నాడు."

నెల్సన్ హారన్ ఆపి వేగం తగ్గించాడు. వెంటపడితే అతను ఇంకా తొక్కుతాడు. వెంటపడకపోతే వాళ్ళు ఇల్లు చేరేదాకా ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక దూరంగా వెనకే నడిపాడు. కారు కూడా మెల్లగా నెమ్మదించింది. అతనికి కొంచెం ఊపిరి వచ్చింది.

ముందు వరదకి కోసుకుపోయిన చోట రోడ్డుని కంకరతో పూడ్చారు. కారు ఆ పల్లంలోకి దిగింది. దిగిన వెనక భాగం మళ్ళీ పైకి లేవలేదు. అప్పుడు టైరు పేలింది. చప్పుడు నీళ్ళ మీదుగా పాకి, మట్టిదిబ్బ మీది గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. కారు తోక ఎడమకి ఊగింది, కుడికి ఊగింది, ఆ తర్వాత తొందరేమీ లేనట్టు గట్టు దిగి నీళ్ళలోకి ఒరిగింది.

నెల్సన్ బండిని రోడ్డు మీదే పడేసి పరిగెత్తాడు. మోకాలి లోతు బురద. కారు ఎడమ పక్కకి వాలి ఉంది, అటు తలుపులు నీళ్ళలో ఉన్నాయి. యోబు తన తలుపు తోసుకుని బయటపడి, ముందు సీట్లోని మేనత్తని లాగుతున్నాడు. వెనక తలుపు షాకిర్ లాగి తెరిచాడు. జ్యోత్స్ననీ, రెండో మేనత్తనీ ఒకరి తర్వాత ఒకరిని పైకి అందుకున్నారు. అందరికంటే కింద, బట్టల మూటల మధ్య హన్నమ్మ ఉంది. నీళ్ళు ఆమె గడ్డం దాకా వచ్చాయి.

నెల్సన్ తలకిందులుగా లోపలికి దూరి ఆమె తలని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె ఎడమ చెయ్యి సీటుకీ తలుపుకీ మధ్య ఇరుక్కుంది. ఆమె కేకలు వేయలేదు. కళ్ళు మాత్రం అతన్నే చూస్తున్నాయి. పెదాలు ప్రార్థన చేస్తున్నట్టు కదులుతున్నాయి.

"తల ఎత్తే ఉంచండమ్మా. నేను పట్టుకున్నాను," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది.

ఎంతసేపు అలా పట్టుకున్నాడో తెలియదు. చెరువు కాపలా పాకల్లోంచి మనుషులు వచ్చారు, ట్రాక్టరు తెచ్చి తాడు కట్టారు. కారు కదిలినప్పుడు ఆమె ఒక్కసారి మూలిగింది. చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి కింద వంగకూడని చోట వంగి ఉంది.

కైకలూరు ఆసుపత్రిలో కట్టు వేసి మంచం మీద పడుకోబెట్టారు. మిగతా వాళ్ళకి గీరుడు దెబ్బలే. యోబు వరండాలోకి వచ్చి, బురద ఎండిన చేతులతో నెల్సన్ చేతులు రెండూ పట్టుకున్నాడు. నవ్వు లేని ఆ ముఖాన్ని నెల్సన్ మొదటిసారి చూశాడు.

"దేవుడే మిమ్మల్ని ఆ దారిన పంపాడండీ," అన్నాడు యోబు. "మీరు లేకపోతే మా అమ్మ ఈపాటికి..." గది తలుపు వైపు తిరిగాడు. "లోపలికి రండి. మిమ్మల్ని చూడాలంటోంది."

షాకిర్ గోడకి ఆనుకుని నేలవైపు చూస్తున్నాడు. ఇప్పుడు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోవచ్చని నెల్సన్‌కి తెలుసు. జీవితాంతం ఈ ఇంట్లో వాళ్ళు తన పేరు ప్రార్థనలో తలుచుకుంటారు. పెళ్ళికి ముందు వరసలో కూర్చోబెడతారు. అతను యోబు చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుని గుమ్మం దాకా నడిచాడు.

లోపల హన్నమ్మ అతన్ని చూసి, బాగున్న చెయ్యి చాపింది. "రా నాయనా."

అతను మంచం దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నేను దారిన పోతూ రాలేదండీ," అన్నాడు. "మిమ్మల్ని ఆపడానికే వచ్చాను. ఆ స్ప్రింగులు కోసినవని నాకు తెలుసు. వెనక మనుషుల్ని ఎక్కించొద్దని షాకిర్ గారు నాకు చెప్పారు. నేను మీకు చెప్పలేదు."

"శబ్దం రాకుండా చేసింది నేనేనమ్మా," అన్నాడు షాకిర్ వెనకనుంచి.

యోబు చేతులు వేలాడిపోయాయి. మేనత్త ఒకామె 'యేసయ్యా' అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హన్నమ్మ చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో మరిచిపోయినట్టుంది.

"నేను వెనక కూర్చుని చూశాను కదా బాబూ," అంది. "అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కొనరని."

ఆమె చాలాసేపు అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. నీళ్ళలో అతని చేతుల మధ్య నుంచి చూసినప్పటిలాగే ఉంది, భయంగా. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, ముఖం గోడవైపు తిప్పుకుంది.

"జ్యోత్స్నని పిలవరా," అంది కొడుకుతో. "ఆ తలుపు వేసెయ్."

యోబు వచ్చి తలుపు వేశాడు. వేసేటప్పుడు నెల్సన్ కళ్ళలోకి చూడలేదు. వరండా బల్ల మీద షాకిర్ పక్కన నెల్సన్ కూర్చున్నాడు. బయట వాన మొదలైంది. వెళ్ళమని గానీ ఉండమని గానీ ఎవరూ చెప్పలేదు. లోపల నుంచి తగ్గు గొంతులు వినిపిస్తున్నాయి, మాటలు మాత్రం తెలియడంలేదు.