మా వీధి బోర్డు

షికాగోలో మా వీధి మొదట్లో ఒక బోర్డు ఉంది. "కార్లు కడగరాదు. బంతి ఆడరాదు. మెట్ల మీద గుంపులు కూడరాదు." ఇవి మా వీధి సంఘం రూళ్లు. సంఘానికి అధ్యక్షురాలిని నేనే, వర్నెల్‌ని. అక్షరాలు మాత్రం మా వీధిలోనే ఉండే ఎజెల్ టిబ్స్‌వి. కొలబద్ద లేకుండా రాశాడు, ఒక్కటీ వంకర పోలేదు. మా వీధిలో అంత గర్వపడదగ్గ వస్తువు ఇంకోటి లేదు.

ఆ వేసవి ఎండలు ఊళ్లో మనుషుల్ని పొట్టన పెట్టుకుంటున్నాయి. రైలు కట్ట అవతల తెల్లవాళ్ల పేటలో చెట్లున్నాయి, పెద్దాసుపత్రి ఉంది. మా తాతలు అక్కడ ఇల్లు కొనుక్కుంటామంటే, నల్లవాళ్లని చెప్పి బ్యాంకులు అప్పివ్వలేదు. మాకు మిగిలినవి తారు రోడ్డూ, లారీల పొగా. అటువాళ్లు ఎనభై అయిదు దాకా హాయిగా బతుకుతుంటే మా మగవాళ్లకు డెబ్బై దాటడమే గగనం.

ఎజెల్‌కు డెబ్బై నిండాయి. చర్చి కింది గదిలో ఏసీ పెట్టించి ముసలివాళ్లందరినీ చేర్చాం. అతనొక్కడే చర్చి పక్కనున్న తన ఇంట్లో కిటికీలు బిగించుకుని కూర్చున్నాడు.

"ఉడికిపోతావు, రా బ్రదర్!" అని తలుపు బాదాను.

"మా నాన్న అరవై మూడుకి పోయాడు, అన్న అరవై ఎనిమిదికి. నాకింతే రాసుంది సిస్టర్. వదిలెయ్ నన్ను."

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా వెళ్లి బోర్డు విప్పించి, చర్చి గదిలో బల్ల మీద పరిచి, వెలిసిన అక్షరాల మీద నేనే కుంచె పెట్టాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది. వర్నెల్ నీ బోర్డు దిద్దుతోందని ఎజెల్‌కు కబురు పంపాను.

కాసేపటికే గోడ పట్టుకుని, చెమటతో తడిసి ముద్దయి దిగాడు.

"ఏమిటిది? అక్షరమా, బంగాళాదుంపా?"

"నువ్వెలాగూ పోతావుగా. ఇక మాకిదే గతి."

"ఇటివ్వు కుంచె!"

"ముందు నీళ్లు తాగు."

తాగాడు. మెడ మీద తడి తువ్వాలు వేశాను. నా రాత గీకి పారెయ్యడానికి ఒక పూట పట్టింది. తర్వాత మొదటి పూత ఆరాలన్నాడు, రెండోది వెయ్యాలన్నాడు. ఎండలు తగ్గేదాకా అక్కడే ఉన్నాడు. ఆ వేసవి మా వీధి నుంచి ఒక్క శవపేటిక కూడా లేవలేదు.

బోర్డు మళ్లీ ఎక్కించినప్పుడు చూస్తే కింద కొత్త రూలు ఉంది: "తొంభై లోపు చావరాదు."

"ఎవరు రాయమన్నారు?"

"నేనూ సంఘం మెంబర్నే."

మొన్న ఎజెల్‌కు ఎనభై నాలుగు నిండాయి. కేకు కొయ్యకముందే ఆ రూలు మీద తాజాగా రంగు వేశాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను.