రెండు ఫోన్లు, ఒక సున్నం గీత

పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ ఊడ్చే రాజవ్వకు రెండు రోజుల్లో రెండు నాగాలు పడ్డాయి. రెండు రోజులూ ఆమె పొద్దంతా పనిచేసింది. అయినా పడ్డాయి. మూడోది పడితే పేరు కొట్టేస్తారు.

హాజరు ఇప్పుడు ఫోనులోనే. ఫ్యాక్టరీ లోపల నిలబడి ఫోనుకు మొహం చూపించాలి. మొదటి రోజు తన బటన్ల ఫోను పట్టుకుపోతే, సూపర్‌వైజర్ శివకుమార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి కన్నే లేదు గదవ్వా. నీ మొహం ఎట్ల సూస్తది?"

రెండో రోజు కోడలు నిషిత దగ్గర పెద్ద ఫోను అడిగి తెచ్చుకుంది. గేటు దగ్గర సున్నం గీత మీద కాపలా వెంకటేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"కెమెరా ఫోను గీత దాటొద్దు. బటన్లదైతే తీస్కపో."

"మరి నా హాజరు?"

"గీత ఇవతల్నే ఏస్కో."

వేసుకోబోయింది. మీరు పనిచేసే చోట లేరంది ఫోను.

"ఏ ఫోను ఉంచుకోవాల్నో ఇద్దరు ఒక్క మాట మీదికి రాండ్రి," అంది రాజవ్వ. శివకుమార్ పెద్దదన్నాడు. వెంకటేశం చిన్నదన్నాడు. రూలు మాత్రం తమది కాదని ఇద్దరూ అన్నారు.

రూలు ఎవరిదైనా గీత రాజవ్వదే. రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఊడ్చి సున్నంతో పోసేది ఆమే. మూడో రోజు వెంకటేశం చాయ్‌కి పోయిన సందున, మేనేజర్ ఆఫీసు గది దాటి నలభై అడుగులు లోపలికి నడిచి అక్కడ పోసింది. ముగ్గులు పెట్టిన చెయ్యి, ఎక్కడా వంకర పోలేదు.

వెంకటేశం వచ్చి కాసేపు గీతను వెతికాడు. కనబడ్డాక కుర్చీ మోసుకొచ్చి దాని పక్కన వేసుకున్నాడు.

"ఈడ జెర నీడున్నది," అన్నాడు.

రాజవ్వ గీతకు ఇవతలే నిలబడి పెద్ద ఫోనుకు మొహం చూపించింది. హాజరు పడింది.

పదింటికి మేనేజర్ వెంకటరామయ్య వచ్చాడు. ఆయన ఫోను కూడా రోజూ కాపలావాడి డబ్బాలో పడి ఉండాల్సిందే. గేటులో ఎవరూ లేకపోయేసరికి గీత దాకా నడిచాడు.

"గీత ఇక్కడికెందుకొచ్చింది?"

"నాకెర్క లేదు సార్. అదేడుంటే ఆడ కూసునుడే నా డ్యూటీ."

మేనేజర్ వెనక్కి తిరిగాడు. తన గది ఇప్పుడు గీతకు బయట ఉంది. చేతిలో ఫోను వంక చూసుకున్నాడు. గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి క్రికెట్ అరుపులు వినిపించాయి.

మధ్యాహ్నం శివకుమార్ వచ్చాడు. "అవ్వా, రేపు క్యాంటీన్ అవతల పోస్తవా? ఆడ గూడ ఫోన్లు సూస్కోవచ్చని అందరు అడుగుతున్నరు."

"పోస్త. ముందుగాల నా రెండు నాగాలు తీసెయ్యి."

"అది సార్ చెయ్యాలె."

"అయితే సార్‌కు చెప్పు. లేకుంటే రేపు గీత మల్ల గేటుకాడికే పోతది."

శివకుమార్ ఉరికాడు. నిమిషం కాలేదు, మేనేజర్ తలుపు తీసుకుని బయటకొచ్చాడు.

"రెండూ తీసేశాను, రాజవ్వా," అన్నాడు. "క్యాంటీన్ దాకా అంటే సున్నం సరిపోతుందా?"