ఎర్ర చీటీ

మా ఆయన్ని ఆసుపత్రిలో అందరూ "నెమ్మది డాక్టరు" అంటారు. ఎముకల డాక్టరుకు ఆ పేరు రావడం వింతే. విరిగిన కాలుతో వచ్చినవాడు త్వరగా చూసి పంపమంటాడు గానీ నెమ్మదిగా చూడమనడు. ఈయన మాత్రం ఒక్కొక్కరి ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఎలా పడ్డారు, ఏ చెయ్యి ముందు నేలకు తగిలింది, ఇంట్లో మెట్లెన్ని ఉన్నాయి, అన్నీ అడుగుతారు. ఆరింటికి ముగియాల్సిన ఓపీ ఎనిమిదైనా తెమలదు. "ఎక్స్‌రే ఫొటోలో ఎముక కనిపిస్తుంది, మనిషి కనిపించడు" అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఈ మాట మా భోజనాల బల్ల దగ్గర వింటున్నాను. ఆ బల్ల దగ్గర మనిషి కనిపిస్తోందా అని నేనెప్పుడూ అడగలేదు.

ఈ నెమ్మది ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. పని నేర్పిన పెద్దసారుకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాడికీ, ఏమీ విరక్కుండానే, తొడ నుంచి పాదం దాకా ప్లాస్టరు వేయించి రెండు రోజులు ఇంటికి పంపేవారు. ఈయన వంతు మా పెళ్ళైన నాలుగో నెలలో వచ్చింది. మొదటి పూట ఇద్దరం నవ్వుకున్నాం. రెండో పూటకు దురద మొదలైంది. నా అల్లిక సూది అడిగి తీసుకుని లోపలికి దూర్చారు. అది సగంలో ఇరుక్కుపోయింది. లేవాలంటే నా భుజం, పడుకోవాలంటే నా భుజం. మర్నాడు సాయంత్రం కిటికీ వైపు తిరిగి, "నా కాలికి ఎవడో తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుపోయాడు" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు కనిపించకూడదనే అటు తిరిగారని నాకు తెలుసు.

ప్లాస్టరు విప్పించాక పెద్దసారు ఒక్క మాటే చెప్పారట. "ప్లాస్టరు కింద నొప్పి అని ఎవరన్నా అంటే ముందు కోసెయ్. ప్రశ్నలు తర్వాత." విరిగిన చోట వాపు వస్తుంది. ప్లాస్టరు సాగదు. ఆ ఇరుకులో నెత్తురు ఆడక కండ చచ్చిపోతుంది. చెయ్యి కట్టెపుల్లలా మిగలడానికి కొన్ని గంటలు చాలు. అందుకే తన విభాగానికి తనే పెద్దయ్యాక ఈయన పెట్టిన మొదటి నియమం ఎర్ర చీటీ. ప్లాస్టరు కింద నొప్పి అన్నవాళ్ళకు కిటికీ దగ్గర ఎర్ర చీటీ ఇస్తారు. అది చేతిలో ఉంటే వరస ఉండదు. లోపల ఎంత పెద్దమనిషి ఉన్నా సరే, తలుపు తోసుకుని వెళ్ళిపోవచ్చు.

మొన్న మంగళవారం పొద్దున్న బట్టల బుట్టతో పెరట్లోకి వెళ్తూ మెట్టు మీద జారి, కుడిచేతి మీద పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రికి వెళ్తే ఆయన రెండు ఆపరేషన్ల మధ్య పరుగున వచ్చి, తనే ఎముక సర్ది, తనే ప్లాస్టరు వేశారు. మామూలుగా ఆ పని ప్లాస్టరు గది మేస్త్రిది. ముప్పై ఏళ్ళుగా తడి పిండితో గోడలు కట్టినట్టు కాళ్ళూ చేతులూ కడుతున్నందుకు వచ్చిన పేరది. ఆ సమయానికి మేస్త్రి భోజనానికి వెళ్ళాడు.

"మరీ లావుగా వెయ్యకండి, జాకెట్టు చెయ్యి ఎక్కదు" అన్నాను.

"ప్లాస్టరులో కూడా ఫ్యాషనేనా నీకు?" అని నవ్వి, ప్లాస్టరు కింద వాపుకు చోటుగా చుట్టే దూది రెండు చుట్లు తగ్గించారు. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే పెద్దసారు దగ్గర్నుంచి మొదలుపెట్టి పాఠం చెప్పేవారు. ఇంటికెళ్ళే ప్రతివాళ్ళకీ ఇచ్చే సూచనల కాగితం కూడా నాకివ్వలేదు. "నీకు తెలియనిదేముంది?" అన్నారు.

సాయంత్రం నొప్పి అన్నాను. "విరిగిన చెయ్యి పాట పాడుతుందా మరి?" అన్నారు. పడుకోబోయే ముందు మళ్ళీ చెప్పాను. మాత్ర ఇచ్చారు. బుధవారం పొద్దున్న వేళ్ళు వంకాయల్లా ఉబ్బి మెరుస్తున్నాయి. నొప్పి ఎక్కువైందని చెప్పాను. ఆయన బూట్లు తొడుక్కుంటూ అటు చూసి, "రెండో రోజు అలాగే ఉంటుంది, దిండు మీద ఎత్తి పెట్టు" అని వెళ్ళిపోయారు.

పదకొండింటికి ఫోను చేశాను.

"ఏవండీ, ఇది మామూలు నొప్పిలా లేదు. వేలు చాపితే ప్రాణం పోతోంది."

"నీతో వచ్చిన చిక్కే ఇది. అన్నీ తెలుసు కాబట్టి అన్నిటికీ భయం. సాయంత్రం వచ్చి చూస్తాగా." ఫోను పెట్టేసేలోపు ఆయన గొంతే ఇంకెవరితోనో అనడం వినిపించింది. "మీరు చెప్పండమ్మా, కంగారు లేదు, నింపాదిగా చెప్పండి."

ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను. ప్లాస్టరు లోపల చెయ్యి నాది కాని జంతువులా గోడలకేసి కొట్టుకుంటోంది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటే, ఊళ్ళో ఎముకల డాక్టర్లందరూ ఈయనతో చదివినవాళ్ళు, లేదంటే ఈయన దగ్గర చదివినవాళ్ళు. నన్ను చూడగానే నాడి కన్నా ముందు ఫోను పట్టుకుంటారు. "మేడమ్ వచ్చారు సార్" అంటారు. "ఇంటికి పంపించు, నేను చూస్తా" అంటారీయన.

అత్తయ్య వంటగదిలోంచి కేకేసింది. "డాక్టరు పెళ్ళానివి. నువ్వే ఇలా మూలిగితే బయటివాళ్ళేమనుకుంటారే?"

"బయటికి వినపడేలా మూలగట్లేదు అత్తయ్యా."

"నాకు వినపడుతోందిగా!"

మధ్యాహ్నం రెండింటికి నొప్పి సగం తగ్గింది. అమ్మయ్య అనుకోవలసింది. కానీ ఇరవై రెండేళ్ళు విన్న కబుర్లు ఊరికే పోవు. నొప్పి తగ్గి మొద్దుబారడం మొదలైతే అది మంచి వార్త కాదు. చెప్పులు వేసుకుని వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. మా తలుపు పాతది. ఒక చేత్తో తలుపును లోపలికి నొక్కి పట్టి, రెండో చేత్తో గడియ లాగాలి. ఎడమచేత్తో లాగాను, భుజంతో నొక్కాను, మోకాలితో తన్నాను. కదల్లేదు. ఇన్నేళ్ళు రోజుకు పదిసార్లు తీసిన తలుపు.

అత్తయ్య కాఫీ గ్లాసుతో వచ్చింది. "ఎక్కడికే ఈ ఎండలో? వాడు సాయంత్రం వస్తాడుగా. పనిలో ఉన్నవాణ్ణి కదపకు. ఇదిగో, తాగి పడుకో."

నేను ప్లాస్టరులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళను గ్లాసుకు ఆనించి ఉంచాను. పొగలు లేస్తున్నాయి. అత్తయ్య గ్లాసును పైటచెంగుతో పట్టుకుని ఉంది. నా వేళ్ళ వంక చూసింది, నా మొహం వంక చూసింది.

"కాలడం లేదూ?"

"లేదు అత్తయ్యా."

గ్లాసు కింద పెట్టింది. తలుపు నొక్కి గడియ లాగింది. "ఆటో నేను పిలుస్తాను. వాడికి ఫోను చెయ్యకు. ఫోనులో చెప్తే వాడు చిన్నప్పట్నుంచీ వినడు" అంది.

ఆసుపత్రిలో కిటికీ దగ్గర చీట్లు రాసే అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. "మేడమ్! మీరెందుకిక్కడ? సార్ గదిలో ఎవరో ఉన్నారు, ఒక్క నిమిషం, వెళ్ళి చెప్పొస్తాను."

"వద్దు. చీటీ రాయి."

"మీకు చీటీ ఏంటి మేడమ్! సార్ నన్ను తిడతారు."

"పేరు రాయి. వయసు నలభై ఆరు. ప్లాస్టరు కింద నొప్పి. నిన్నట్నుంచి."

నలభై ఆరు అని రాస్తూ కలం ఆపింది. నా వేళ్ళ వంక చూసి, ఇంకేమీ అడక్కుండా సొరుగులోంచి ఎర్ర చీటీ తీసింది.

తలుపు తోసుకుని వెళ్ళాను. ఆయన ఒక ముసలాయన మోకాలు పట్టుకుని వంగి ఉన్నారు. ఎర్ర చీటీ ఉన్నవాళ్ళ మొహం ఆయన ముందు చూడరు, చెయ్యే చూస్తారు. కుర్చీ ఇటు తిప్పి, నా వేళ్ళు చేతిలోకి తీసుకుని, గోరు నొక్కి వదిలారు. తెల్లబడిన గోరు తెల్లగానే ఉంది. చూపుడువేలు మెల్లగా చాపారు. ముంజెయ్యి చీల్చినట్టయి కెవ్వుమన్నాను.

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

"నిన్న ఎవరికీ చెప్పలేదా మీరు?"

"మా ఆయనకి చెప్పాను."

అప్పుడు తలెత్తారు. ఆ మొహాన్ని ఇంతకు ముందు ఒక్కసారే చూశాను, ప్లాస్టరు కాలుతో కిటికీ వైపు తిరగబోయే ముందు.

"మేస్త్రీ!" ఆ గొంతుకు బయట వరసలో వాళ్ళందరూ లేచి నిలబడి ఉంటారు.

మేస్త్రి మిషనుతో వచ్చి రెండు పక్కలా కోశాడు. పెంకులు విడదీసి, కింది దూదినీ గుడ్డనూ చర్మం కనపడేదాకా కత్తిరించాడు. చెయ్యి గాలి పీల్చుకున్నట్టు ఉబ్బి బయటికొచ్చింది. మేస్త్రి దూదిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇదేం దూది? దీపానికి ఒత్తి కూడా రాదు. ఎవడు కట్టాడండీ ఇది?"



"సన్నగా కట్టమని నేనే అడిగాను" అన్నాను.

"పేషెంటు ఏదైనా అడుగుతుంది" అన్నారాయన మేస్త్రితో. "కట్టేవాడికి బుద్ధుండాలి. నేనే కట్టాను."

మేస్త్రి దూది ముక్కను జేబులో వేసుకుని బయటికి వెళ్ళాడు.

అరగంట చూడాలి. రంగూ స్పర్శా రాకపోతే ఆపరేషను గదికి తీసుకెళ్ళి ముంజేతిని పొడుగునా తెరవాలి. ఆ ముక్క ఆయన దాచకుండా చెప్పారు, పేషెంట్లకు చెప్పినట్టే. ముసలాయన్ని పక్క గదిలో కూర్చోబెట్టించి, కుర్చీ నా ముందుకు లాక్కున్నారు. గోరు నొక్కడం, వదలడం, గోడ గడియారం చూడడం. పది నిమిషాలకు చిటికెన వేలి గోరు ఎర్రబడింది. ఆపైన వేళ్ళ నిండా చీమలు పాకాయి. మంటలాంటి చీమలు. నొప్పి తెలుస్తున్నందుకు నాకు నవ్వొచ్చింది.

"బొటనవేలు?"

"తెలుస్తోంది."

"చూపుడువేలు?"

"లేదు."

కేసు కాగితం తీసి రాశారు. తలకిందులుగానే చదివాను. "నొప్పి ఉందని పేషెంటు నాలుగుసార్లు చెప్పింది. వినలేదు." కింద సంతకం పెట్టి, కలం మూత పెట్టకుండా అలాగే కూర్చున్నారు.

"ఎలా పడ్డావు?" అన్నారు చివరికి.

"ఇప్పుడా? బయట నలభై మంది ఉన్నారు."

"ఉండనీ. చెప్పు."

"పెరటి మెట్టు. రెండోది. అంచు విరిగి మూడేళ్ళయింది."

"నాకు చెప్పలేదేం?"

నేను ఆయన రాసిన కాగితం వంక చూశాను. ఆయన తల దించుకుని చూపుడువేలు గోరు నొక్కి వదిలారు. ఎర్రబడింది. కానీ ఆయన నొక్కినట్టు నాకు కంటితో తెలిసిందే తప్ప వేలికి తెలియలేదు.

"మళ్ళీ నొక్కండి" అన్నాను.