జరిపిన చేపల తొట్టె

నరీన్ ఊరి నుంచి వియ్యాలవారు మొదటిసారి ఇంటికి వస్తున్న రోజు పొద్దున షర్షెన్ తన చేపల తొట్టెని జరిపాడు. జరపక తప్పలేదు. గుమ్మానికి ఎదురుగా, అన్నిటికంటే లోపలి గోడ పక్కన పెద్దవాళ్ళని కూర్చోబెట్టాలి. తోర్ అంటారు ఆ చోటుని. బిష్కెక్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో పద్నాలుగేళ్ళుగా తోర్‌లో కొలువు తీరింది చేపలే. కొడుక్కి పిల్లనిచ్చిన మనిషిని తీసుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెడితే ఇంకేమైనా ఉందా?

ఆ తొట్టె అతను స్వయంగా అద్దాలు అతికించి చేసుకున్నది. ఐదు వందల లీటర్లు పడుతుంది. చేపలు పెంచే కుర్రకారు సలహాకి వస్తే, చుక్క నీళ్ళున్నా తొట్టెని కదపకండర్రా అని వేలు చూపించి మరీ చెప్పేవాడు. ఆ రోజు భార్య బురుల్ అదే మాట గుర్తు చేసింది. టైము లేదని కసిరాడు. అడుగున మూడో వంతు నీళ్ళు, వాటిలో చేపలు అలాగే ఉండగా, స్టాండు కింద పాత దుప్పటి వేసి ఇద్దరూ కలిసి నెట్టారు. స్టాండు కాలొకటి నేల చెక్క అంచుకి తగులుకుంది. స్టాండు మెలిపడింది. టిక్‌మని చిన్న చప్పుడు.

ఆ చప్పుడంటే ఏమిటో షర్షెన్‌కి తెలుసు. అతుకు వెంట వేలు రాసి చూశాడు. తడి లేదు. వెలితి తొట్టె పక్కన వియ్యంకుణ్ణి కూర్చోబెట్టడం నామోషీ అనిపించి, పైపు పెట్టి అంచుదాకా నింపేశాడు. తెలియక చేసిన పనైతే కాదు.

మధ్యాహ్నం వియ్యంకుడు కెరిమ్ తోర్‌లో కూర్చున్నాడు. పెద్ద చుట్టానికి చేసే మర్యాదగా గొర్రె తల ఆయన ముందు పెట్టారు. తొట్టె బాగుంది, ఎక్కడ కొన్నారు అని ఆయన అడిగితే షర్షెన్ ఉబ్బిపోయాడు. భూకంపం వచ్చినా దీనికి చీమ కుట్టినట్టయినా ఉండదని గొప్పలు మొదలుపెట్టాడు. అంతలో స్టాండు కింద తివాచీ నల్లబడటం కనిపించింది. మెల్లగా జరిగి ఆ తడి మీద కూర్చుని, మిగతా గొప్పలు అక్కణ్ణుంచే చెప్పాడు.

గంట మోగింది. కింది వాటా కలిచా. ముప్పై ఏళ్ళు ట్రాలీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బురుల్ ఆసుపత్రిలో ఉన్న రెండు వారాలూ షర్షెన్‌కి సూపు కాచి పోసింది ఆవిడే.

“తమ్ముడూ, నా గది కప్పు కారుతోంది. ఒకసారి తొట్టె చూసుకుంటావా?”

గదంతా వింటోంది. షర్షెన్ పంట్లాం వెనక పూర్తిగా తడిసింది.

“తొట్టె లక్షణంగా ఉందక్కా. గోడలో వేడినీళ్ళ గొట్టం పోయుంటుంది. పాతవి కదా.”

చుట్టాలున్న ఇంటికి అడ్డం వచ్చానని ఆవిడే నొచ్చుకుని వెళ్ళిపోయింది. బురుల్ టీ పోయడం ఆపి మొగుడి వంక చూసింది. అతను చూపు తప్పించాడు.

గంట తిరిగేసరికి గది చల్లబడింది. జనవరి చలి. వియ్యపురాలు శాలువా కప్పుకుంది. కెరిమ్ కోటు తెప్పించుకుని తొడుక్కున్నాడు. బురుల్ కిటికీ కింద, గదిని వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టం పట్టుకు చూసి, ఐసులా ఉందని మొగుడి చెవిలో చెప్పింది. షర్షెన్‌కి అంతా అర్థమైంది. అతని మాట నమ్మి కలిచా నేలమాళిగలోకి దిగి వేడినీళ్ళ వాల్వు కట్టేసింది. నాలుగంతస్తులూ చలిలో పడ్డాయి. ఇప్పుడైనా చెప్పెయ్యాలి. ఇంకో కప్పు టీ అయ్యాక చెబుదామనుకున్నాడు. అదీ అయింది. ఇంకో కప్పు పోయించుకున్నాడు.

మళ్ళీ గంట. రెండు స్వెట్టర్లు తొడుక్కుని కలిచా నిలబడి ఉంది. చేతుల్లో కరెంటు హీటరు.

“ప్లంబరు సాయంత్రానికి గానీ రాడట. ఇది పెట్టుకోండి. అంత దూరం నుంచి వచ్చిన చుట్టాలు మనింట్లో వణకడమేంటి, బాగోదు.”

షర్షెన్ అందుకున్నాడు. హీటరు ఇంకా వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఆవిడ ముందే వెలుగుతూ ఉండి ఉంటుంది.

“తీసుకెళ్ళక్కా,” అన్నాడు. “నీళ్ళు నావే. తొట్టె జరిపేటప్పుడే అతుకు పోయింది. నువ్వొచ్చినప్పుడు కూడా నాకు తెలుసు.”

కలిచా అతని వంక చూసింది.

“నువ్వు చెప్పావు కదాని, నేను మళ్ళీ కప్పు వంక కూడా చూళ్ళేదు,” అంది.

కెరిమ్ తోర్‌లోంచి లేచాడు. కోటు విప్పి, చేతులు పైకి మడుచుకుని, బకెట్లు ఎక్కడున్నాయని బురుల్‌ని అడిగాడు. చేపల్ని స్నానాల తొట్టిలోకి మార్చారు. ఆ తర్వాత అందరూ గుడ్డలూ బకెట్లూ పట్టుకుని కలిచా ఇంటికి దిగారు. వెళ్తూ షర్షెన్‌ని ఎవరూ రమ్మనలేదు, తిట్టనూ లేదు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఒక్కడే మిగిలాడు. తొట్టెలో రబ్బరు గొట్టం ముంచి, నోటితో పీల్చి, నీళ్ళు సింకులోకి వదిలాడు. కింద గదిలో వియ్యంకుడు నేల తుడుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది.